అక్క గీసిన చుట్టాలు

కళ్ళద్దాల షాపులో ఆమెను చిటపట అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఓనరుకు కూడా లేదు. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఇరవై ఏళ్ళుగా ఆమె పని. ఆ చేతికి ఎవరూ వంక పెట్టలేరు, ఆ నోటికి జడవని వాళ్ళూ లేరు. "మీ మొహానికి ఏ ఫ్రేమైనా ఒకటేలెండి" అని కొనడానికి వచ్చినవాడి మొహం మీదే అనేస్తుంది.

అలాంటి మనిషి, బొమ్మలు చూసి జాతకం చెప్పే టారో కార్డులు పట్టిందంటే ఎవరు నమ్ముతారు? జోస్యం చెప్పేవాళ్ళంటేనే ఆమెకు ఒళ్ళుమంట. కార్డులు పట్టింది రేపేం జరుగుతుందో తెలుసుకుందామని కాదు, అక్క మీద కోపంతో.

ఒకరోజు ఒకావిడ దగ్గరచూపు అద్దాలు తీసుకోవడానికి వచ్చింది. సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూసుకుందామని సంచిలోంచి ఓ టారో కార్డు తీసింది. బంగారు కప్పు పట్టుకుని నీటి ఒడ్డున కూర్చున్న రాణి బొమ్మ. చూసీచూడగానే చిటపట చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆ రాణి వాళ్ళమ్మ. అదే ముక్కు, అదే వంకర చిటికెన వేలు.

"ఎవరు గీశారండీ ఇది?" అని అడిగింది, తెలిసి కూడా.

బొమ్మలు గీయడం అక్క వృత్తి. అమ్మ పోయిన దగ్గర్నుంచి, ఆరేళ్ళుగా అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. అమ్మ పదిరోజులు ఆస్పత్రిలో ఉంటే చెల్లెలు అక్కకు కబురు చెయ్యలేదు. ప్రాణం పోయి, అంతా అయిపోయాక మర్నాడు ఫోన్ చేసింది. "నంబరు దొరకలేదు" అంది. అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రమే చిటపట, అక్క బొమ్మలు గీసిన ఆ కార్డుల కట్ట కొనుక్కొచ్చి, డెబ్భై ఎనిమిదీ వంటింటి బల్ల మీద పరిచింది. చుట్టాలంతా దిగిపోయారు. సింహాసనం మీద చక్రవర్తిగా బాబాయి, ఇంట్లో పిన్ని ముందు నోరెత్తని బాబాయి! త్రాసు పట్టుకుని న్యాయం చెబుతోంది మేనత్త. తగువు పెట్టనిదే ఆవిడకు అన్నం సహించదు. చంద్రుడి కింద మొరుగుతున్నది కూడా వాళ్ళింటి పాత కుక్కే. తను మాత్రం లేదు. మూడుసార్లు వెతికింది. కుక్కకు చోటుంది గాని తోడబుట్టినదానికి లేదా? అలా అయ్యుండదు, ఎక్కడో మొహం దాచి గీసుంటుంది, కార్డుల అర్థాలు తెలిస్తే దొరుకుతాను అనుకుంది. కట్టతో వచ్చిన చిన్న పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది.

పుస్తకం చెప్పేదొకటి, ఆమెకు తెలిసింది ఇంకొకటి. షాపులో కళ్ళు పరీక్షించే అమ్మాయి, తనను పెళ్ళి చేసుకుంటానన్నవాడి గురించి అడిగి ఓ కార్డు తీసింది. గుర్రమెక్కి కప్పు పట్టుకొస్తున్న వీరుడు వచ్చాడు. ప్రేమ సందేశం తెచ్చేవాడని పుస్తకంలో ఉంది.

"పుస్తకం అవతల పెట్టవే. ఈయన మా చిన్నమామయ్య. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు. నీవాడూ అంతే."

నెల తిరక్కుండానే ఆ అబ్బాయి ఫోనెత్తడం మానేశాడు. దాంతో చిటపటకు పేరొచ్చేసింది. మధ్యాహ్నం భోజనాల వేళ పక్క షాపులవాళ్ళు కూడా వచ్చి, కార్డు తీయించుకుని, చీవాట్లు తిని మరీ వెళ్ళేవాళ్ళు. ఎవరికేం చెబుతున్నా ఆమె మనసు ఒక్కదాని మీదే ఉండేది. అక్క లెక్కలో నేనెవర్ని? కార్డుల్లో దెయ్యాన్నా? పిడుగుపడ్డ బురుజునా? ఏదైనా సరే, తేలిపోవాలి.

పుస్తకాల షాపు మేడమీద గదిలో, కార్డులు కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అక్కే క్లాసు చెబుతోందని తెలిసి చేరిపోయింది. పొడుగాటి బల్ల, పదకొండు కుర్చీలు, తెరుచుకోని కిటికీ. అక్క జుట్టు సగం నెరిసింది. ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"మీరు ఆ చివర కూర్చోండి."

"ఏంటక్కా, ఈ మీరూ గీరూ?"

మిగతా తొమ్మిదిమందీ ఇటు తిరిగారు. అక్క పాఠంలోకి వెళ్ళిపోయింది. కప్పు పట్టుకున్న రాణి దాకా వచ్చేసరికి చిటపట ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆ బొమ్మ తప్పు. ఆ పదిరోజుల్లో అమ్మ చిక్కి శల్యమైపోయింది. మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. నీకేం తెలుసు?"

"ఎలా తెలుస్తుంది? నువ్వు చెప్పావా?"

చిటపట గొంతు పెంచింది. "సరే, అందర్నీ గీశావు. నన్నెక్కడ గీశావో చూపించు."

"నువ్వు లేవు" అంది అక్క. "ఎవర్ని గీయాలన్నా కాసేపు వాళ్ళ పక్షాన నిలబడాలి. మామయ్య పక్షాన నిలబడ్డాను, అత్త పక్షాన కూడా నిలబడ్డాను. నీ పక్షాన నిలబడటం నావల్ల కాలేదు."

ఏ బొమ్మ చూపించినా తిట్టిపోయడానికి సిద్ధపడి వచ్చింది గాని, అసలు బొమ్మే లేదు. కడుపులో ఉన్నది నోటికొచ్చేసింది.

"నంబరు నా దగ్గరే ఉంది. మలమూత్రాలు ఎత్తింది నేను. అమ్మ మాత్రం 'పెద్దదేదీ, పెద్దదింకా రాలేదా' అనే అడిగింది. అందుకే నీకు ఫోన్ చెయ్యలేదు. చాలా?"

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్నిసార్లడిగింది?"

"ఎవరు లెక్కపెట్టారు? రోజంతా అడిగేది."

అక్క బల్ల మీద కార్డులన్నీ పోగుచేసింది. తర్వాత తొమ్మిదిమందితో, "ఇవాళ్టికి చాలు, వెళ్ళిరండి" అంది. వాళ్ళు చప్పుడు చెయ్యకుండా సంచులు సర్దుకుంటున్నారు. చెల్లెలు కదల్లేదు.

"నువ్వు కూడా వెళ్ళు" అంది అక్క. "మళ్ళీ రాకు."

చిటపట లేచింది. అక్క అన్నది న్యాయమేనని ఆమెకు తెలుసు. కోపం దానికే వచ్చింది.