ఎలుకకు ముస్తాబు

ఐవన్ సెప్టెంబర్ అనే మనిషికి ఈ ప్రపంచంలో ఒక్కటంటే ఒక్కటే గిట్టదు. ఎవరైనా సరే, ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా నలుగురి ముందుకీ వెళ్ళిపోవడం. జుట్టు చెదిరినా, కాలరు ఒక పక్కకి ఒరిగినా, ముక్కుకి పిండి అంటినా ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. "ఇలాగే వెళ్తావా?" అంటాడు. మనం జవాబు చెప్పేలోపే ఆయన చేతులు మన మీద ఉంటాయి.

ఇందులో భయపడాల్సిందేముంది అంటారేమో. ఆ చేతులు మా పార్ల్ ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఏం చేశాయో మీకు తెలియదు. అంత్యక్రియలు జరిపించే దుకాణంలో చనిపోయినవాళ్ళకి స్నానం చేయించి, గడ్డం గీసి, బుగ్గలకి కాస్త రంగద్ది, పెట్టెలో పడుకోబెట్టే పని ఆయనది. మా వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒకరో ఇద్దరో ఆయన చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే. అలాంటి మనిషి బొటనవేలు తడిచేసుకుని మన కనుబొమ్మ సర్దడానికి వస్తుంటే పై ప్రాణాలు పైనే పోతాయి.

ఒకసారి చర్చి గుమ్మంలో పెళ్ళికొడుకుని ఆపి, దవడ పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి రంగు. నీ మీద నాకు పెద్దగా పనేం ఉండదు" అని మెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు లోపలికెళ్ళి ప్రమాణాలు చెప్పేటప్పుడు ప్రతి మాటా రెండేసిసార్లు చెప్పాడు.

నా సంగతి ఇంకా ఘోరం. ఒక మధ్యాహ్నం వరండాలో కుర్చీలో కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి నా జుట్టు పాపిడి తీసి దువ్వి ఉంది. రెండు చేతులూ గుండెల మీద ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. నేను పోయాననే అనుకున్నాను. గేటు దగ్గర నుంచి ఐవన్ అన్న, దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు కదమ్మా డోరీన్, నోరు తెరిచి పడుకుంటే ఏం బాగుంటుంది అన్నాడు. మూయడం కూడా ఆయనే మూశాడట.

నేను ఉండేది మా అక్క మురియల్ ఇంట్లో. క్లైవ్ బావ పోయాక తోడుగా వచ్చాను. నాకప్పుడు ఎవరూ చెప్పనిది ఏమిటంటే, ఆ ఇంట్లో బావ పెంచిన కొండచిలువ కూడా ఉందని. పెద్దదేం కాదు, నిలువునా సాగితే నా నడుము దాకా వస్తుందేమో. కానీ కొండచిలువ కొండచిలువే. బావకి ఇష్టమైన మాల్వా పుడింగ్ అనే తీపి వంటకంలా పాకం రంగులో ఉందని దానికి మాల్వా అని పేరు పెట్టుకున్నాడు. నేను ఆ పుడింగ్ తినడం మానేశాను.

అక్కకి కూడా అదంటే చచ్చేంత భయం. బావ తోట పనికి వాడే తొడుగులు వేసుకుని, మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళ గిన్నె మార్చేది. బావ ఉన్నన్నాళ్ళూ బతికున్న ఎలుకని వదిలితే అది తినేది. బావ తర్వాత అక్క కూడా అలాగే వదిలింది. ఫిబ్రవరిలో ఒకసారి ఎలుకే తిరగబడి పాము వీపు కొరికేసింది. పశువుల డాక్టరమ్మ కుట్లు వేసి, ఇక బతికున్నవి వద్దే వద్దు, గడ్డకట్టించిన ఎలుకలు దొరుకుతాయి, కరిగించి పెట్టమంది. అక్క పెట్టింది. మాల్వా వాసన చూసి మొహం తిప్పుకుంది. అలా ఐదు నెలలు.

ఆ ఎలుకలు మా ఫ్రీజర్లోనే ఉన్నాయన్న సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు.

మా ఇళ్ళల్లో ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్‌క్రీమ్ ఉంటుందని పసిపిల్లలు కూడా నమ్మరు. నిన్నటి కూర ఉంటుంది, సూపుకి దాచిన ఎముకలుంటాయి. కానీ ఆ గురువారం వెనీలా డబ్బా నా చేత్తో నేనే కొనుక్కొచ్చాను. చర్చి స్త్రీల కూటం మా ఇంట్లో. ఫ్రీజర్లోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. పాస్టరమ్మ తనే చొరవగా మూత తీసింది. లోపల మూడు ఎలుకలు, తోకలు ముడుచుకుని, మీసాల మీద మంచుతో, పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. నేను కొన్న డబ్బా ఫ్రీజర్లో వెనక ఉంది. పాస్టరమ్మ మూత నెమ్మదిగా మళ్ళీ పెట్టేసి, "నాకు షుగరమ్మా" అంది.

అందరూ వెళ్ళాక అక్క మీద విరుచుకుపడ్డాను. ఆ పామునైనా పంపించు, నన్నైనా పంపించు అన్నాను. అక్క చాలాసేపు టీ కప్పులు కడుగుతూనే ఉంది. డాక్టరమ్మ వచ్చే సోమవారం దాకా గడువిచ్చిందట. ఈలోపు తినకపోతే నోట్లో గొట్టం వేసి పట్టాలి, అంత చిక్కినదానికి అదీ నమ్మకం లేదట.

"క్లైవ్ చేత్తో పెంచింది ఈ ఇంట్లో ఇదొక్కటే మిగిలింది డోరీన్," అంది. "నాకు దాన్ని ముట్టుకోవాలంటేనే వణుకు. అయినా నా చేతుల్లో పోనివ్వలేను."

నేను తువ్వాలు తీసుకుని ఆ కప్పులు తుడవడం మొదలుపెట్టాను.

ఐస్‌క్రీమ్ కబురు వీధంతా పాకింది. శుక్రవారం పొద్దున్నే ఐవన్ అన్న వచ్చాడు. అప్పుడే అక్క కరిగించిన ఎలుకని పటకారుతో పట్టుకుని అద్దాల పెట్టెలో ఊపుతోంది. ఆ పటకారుని నేను గుర్తుపట్టాను. ఆదివారాలు బొగ్గుల మీద సాసేజ్‌లు తిప్పే పటకారు అది. రెండు నెలలుగా దానితోనే ఊపుతోందట. రోజూ కడుగుతున్నానుగా అంది.

ఐవన్ అన్న పటకారు సంగతి పట్టించుకోలేదు. ఆయన ఎలుకని చూస్తున్నాడు. అది నిలువునా తడిసి, బొచ్చు ముద్దలు కట్టి, నాలిక వేలాడేసుకుని ఉంది. ఆయన మొహంలో అంత బాధ నేను అంతకుముందు చూడలేదు.

"మురియల్, దీన్ని ఇలాగే పంపిస్తున్నావా?" అన్నాడు.

ఇంటికెళ్ళి నల్ల పెట్టె తెచ్చాడు. రిటైరయ్యి ఏడాదయినా ఆ పెట్టెలో సామాను ఎక్కడిదక్కడే ఉంది. మా వంటింటి బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, ఎలుకని పడుకోబెట్టి, గంటన్నర కూర్చున్నాడు. తడి అద్దాడు. చిన్న కుంచెతో బొచ్చు ఒకే వైపుకి దువ్వాడు. మీసాలు ఒక్కొక్కటీ సర్దాడు. నాలిక లోపలికి పెట్టి నోరు మూశాడు. ఆ బల్ల మీదే నేను రొట్టెల పిండి కలుపుతాను. అయినా చెప్పకూడదు గానీ, చివరికి ఆ ఎలుకని చూస్తే దాని గుణగణాల గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్తే బాగుండుననిపించింది.

మాల్వా చూసింది. నాలిక రెండుసార్లు ఆడించింది. వెనక్కి తిరిగి వెళ్ళి బోర్లించిన పూలకుండీ కింద దూరింది.

ఐవన్ అన్న కుర్చీలో కూలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా పని చూసి ఎవరూ అలా మొహం తిప్పుకోలేదమ్మా అన్నాడు. నాకు నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. అక్క డాక్టరమ్మకి ఫోను చేసింది. ఆవిడ ముస్తాబు సంగతి మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత చెప్పింది, దానికి అందం కనిపించదు, వేడి కనిపిస్తుంది, పెదవి అంచున ఉన్న గుంటలతో వెచ్చదనాన్ని పసిగడుతుంది, చల్లగా ఉన్నది దాని దృష్టిలో రాయితో సమానం అని. ఎలుకని వేడిచేయాలి, అందులోనూ తల బాగా వెచ్చగా ఉండాలి.

ఈ మాట విన్నాక ఐవన్ అన్న అదోలా అయిపోయాడు. "చల్లగా ఉందనా," అన్నాడు తనలో తను. "అంతేనా." అప్పటికి ఆయన వేళ్ళూ చల్లబడ్డాయేమో, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురం మళ్ళీ కూర్చున్నాం. బయట జూలై వాన. అక్క హెయిర్ డ్రయ్యర్ తెచ్చింది, అది నాదే, దాని గురించి ఇక మాట్లాడదలుచుకోలేదు. ఐవన్ అన్న ఎలుక తలకి వేడిగాలి పడుతున్నాడు. సగంలో కరెంటు పోయింది. మా వంతు కోత రెండున్నర గంటలు, సగం వేడెక్కిన ఎలుక అంతసేపు ఆగదు. అక్క మొహం వాడిపోయింది. డబ్బాలో అదే ఆఖరి ఎలుక, ఎలుకలమ్మే దుకాణం మంగళవారం దాకా తెరవరు. గడువు సోమవారం.

ఐవన్ అన్న లేచి, టోపీ కూడా పెట్టుకోకుండా వానలో పరుగెత్తాడు. గ్యాసు మీద నీళ్ళు పెట్టమని గేటు దగ్గర నుంచే కేకేశాడు. తిరిగొచ్చేసరికి ఆయన చేతుల్లో రెండు చిన్న హాట్ వాటర్ బ్యాగులున్నాయి, ఊలు తొడుగులతో. తొడుగులు బాగా మాసి, వెలిసి, అంచులు నలిగి ఉన్నాయి. నీళ్ళు నింపి, గాలి వత్తి తీసేసి, వాటి మధ్య ఎలుకని పెట్టాడు. మధ్యమధ్య వేలి వెనక వైపుతో తాకి చూస్తున్నాడు. ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకోనక్కర్లేకుండా పని జరిగిపోతోంది.

"తల చిన్నది, తొందరగా చల్లారుతుంది," అన్నాడు. "చేతులకైతే పావుగంట చాలు."

ఎవరి చేతులకి అని నేను అడగబోయాను. ఆయన అప్పటికే పటకారు అందుకున్నాడు.

తర్వాత జరిగింది నేను సరిగ్గా చూడలేదు. కుండీ కింద నుంచి తల బయటికొచ్చింది. నాలిక ఆడింది. అంతే, పటకారులో ఎలుక లేదు. మాల్వా దాన్ని మూడు చుట్లు చుట్టేసింది. నేను కుర్చీ మీద నిలబడి ఉన్నాను, ఎప్పుడెక్కానో తెలియదు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఐవన్ అన్న రెండు చేతులూ ముందు కట్టుకుని, తల కాస్త వంచి నిలబడ్డాడు, పని ముగిశాక నిలబడడం ఆయనకి అలాగే వచ్చు.

కాసేపటికి అక్కే అడిగింది. "ఎవరి చేతులకి అన్నా?"

ఆయన బ్యాగుల్లో నీళ్ళు పారబోస్తూ, మొహం ఇటు తిప్పకుండా చెప్పాడు. "ఆఖరి చూపుకి వచ్చినవాళ్ళు ముందు మొహం చూస్తారు. తర్వాత చెయ్యి పట్టుకుంటారు. ఆ చల్లదనానికి ఉలిక్కిపడి వదిలేస్తారు. అయ్యో వదిలేశానే అని తర్వాత ఏళ్ళ తరబడి కుమిలిపోతారు. మా అమ్మప్పుడు నేనూ వదిలేశాను. అందుకని తలుపు తీసే ముందు పావుగంట ఇవి చేతుల కింద పెట్టేవాణ్ణి. ఇంటివాళ్ళు వస్తున్నారంటే తీసేసేవాణ్ణి. మా యజమానికి తెలియదు."

అక్క బల్ల పట్టుకుని నిలబడింది. "క్లైవ్ చెయ్యి వెచ్చగా ఉంది," అంది.

"ఉంటుంది. ఆయనకి ఇరవై నిమిషాలు పెట్టాను, పక్కింటాయన కదా."

"ఐవన్ అన్నా, పద్నాలుగు నెలల నుంచి నేను ఆయన్ని ప్రాణంతో పాతిపెట్టామనుకుంటున్నాను."

బావ పోయిన కొత్తలో అక్క డాక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చింది. ఒంట్లో బాగాలేక అనుకున్నాను, వెళ్ళింది బావ పోయిన తీరు అడగడానికన్నమాట. స్మశానంలో సమాధి మీద వాలిపోయి నేలకి చెంప ఆనించేది. దుఃఖం అనుకుని నేను దూరంగా నిలబడేదాన్ని. చెంప కాదు, చెవి. ఎవరితోనైనా అంటే పిచ్చిదంటారని గుండెల్లోనే పెట్టుకుని, ఆ మనిషి పెంచిన పామునైనా బతికించుకోవాలని ఇన్నాళ్ళూ అల్లాడింది.

ఐవన్ అన్న తెల్లగా పాలిపోయాడు. బుగ్గలకి ఆయనకే కాస్త రంగు అద్దాల్సినట్టుంది. పాపం, అక్క కాళ్ళ దగ్గర పడిపోయిన పటకారు తీసి బల్ల మీద పెట్టాడు. అది అక్క చేతికి అందేలా ఉంది. ఒక్క క్షణం నేను కుర్చీ దిగి అడ్డం వెళ్ళాలా అని ఆలోచించాను.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా, తర్వాత బల్ల మీద తల వాల్చేసి, ఊపిరాడనంతగా. ఈ ఇంట్లోకి వచ్చాక ఆమె నవ్వు వినడం నాకదే మొదటిసారి. ఇరవై నిమిషాలట డోరీన్, పక్కింటాయన కదా అని ఎక్కువ పెట్టాడట అంటూ కళ్ళు తుడుచుకుంది. ముందే చెప్పొచ్చు కదయ్యా అని ఆయన్ని కోప్పడింది. చెప్తే అది బ్యాగు వేడి అని తెలిసిపోతుంది కదమ్మా అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

"తెలిస్తేనేం. వెచ్చగా ఉంది, నేను వదల్లేదు. అది చాలు." అక్క లేచి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. మా వీధిలో ఆ చేతుల్ని ఎవరైనా తమంతట తాము పట్టుకోవడం నేను చూడలేదు. "ఇదిగో, నా పాదాలు ఎండాకాలంలో కూడా మంచుగడ్డలే. నా వంతొచ్చినప్పుడు చేతులతో సరిపెట్టకు. పాదాలకీ పెట్టు."

ఆయన ఇబ్బందిగా, నేను రిటైరయ్యాను కదమ్మా అన్నాడు.

"అదంతా నాకు తెలియదు. నువ్వు మాత్రం నాకంటే ముందు పోకు."

ఆయన కాసేపు తీవ్రంగా ఆలోచించి, సరే, పాదాలకైతే ఇంకో రెండు బ్యాగులు కొనాలి అన్నాడు.