ఏడు గొలుసుల దూరంలో బావి

మొన్నటి వానలకు గోడ చెమ్మెక్కితే, నిజామాబాద్‌లోని మా ఇంట్లో బీరువా మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. అడుగున, పాత చీరలో చుట్టి పెట్టిన తాత నక్షా దొరికింది. మడత విప్పగానే గంజి, పొగాకు, ఎండిన వేపాకు కలిసిన వాసన. అరవైకి దగ్గరపడిన నేను, బోధన్ దగ్గరి మా ఊళ్లో తాత పక్కన బోర్లా పడుకొని ఆ గీతల మీద వేలు నడిపే తొమ్మిదేండ్ల పిల్లనైపోయాను.

తాత పడుచుతనంలో సర్వేవాళ్ల దగ్గర నేల కొలిచే గొలుసు పట్టేవాడు. నిజాం జమానాలో పాత కోటలూ, గుళ్లూ, మనుషులు విడిచిపోయిన ఊళ్లూ కొలిచి నక్షాలు గీసేందుకు వచ్చిన దొర ఒకడు మా ఊరి పాటిగడ్డను నెలరోజులు కొలిచి, పోతూ పోతూ గుడ్డమీద అంటించిన నక్షా నకలునూ, అరిగిన ఇనుప గొలుసునూ తాతకు ఇచ్చిపోయాడట. పాటిగడ్డ అంటే ఏనాటి ఊరో కూలి మట్టైపోయిన దిబ్బ. మాకది ఆటస్థలం. తొలకరి పడిన మర్నాడు పరుగెత్తితే ఎర్రపూసలు, గాజుముక్కలు తేలి మెరిసేవి. చలికాలంలో చెరుకు బండ్ల వెంటపడి గుంజుకున్న గడలను ఆ దిబ్బమీదే కూర్చుని నమిలేవాళ్లం. గాలి చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి తిరిగితే, ఉడికే చెరుకు రసం తీపి ఊరంతా కమ్మేది.

ఆ ఏడు ఎండాకాలం ఊరి బావి ఎండింది. అమ్మా, అవ్వా తెల్లారకముందే బిందెలెత్తుకొని రెండు ఊళ్ల అవతలికి పోయేవాళ్లు. అప్పుడు తాత నక్షా తీసి, పాటిగడ్డ మీద బావి గుర్తుందన్నాడు. ఊరిపెద్ద పటేల్ పకపకా నవ్వాడు.

"కాయిదం నాకితే దూప తీరుతదా ముసలోడా?"

తాత ముఖం చిన్నబోయింది. మర్నాడే నన్ను వెంటేసుకొని బోధన్‌లో దర్జీ రహీం చాచా దగ్గరికి పోయాడు. చాచా అద్దాలు సవరించుకొని నక్షా మీది ఉర్దూ రాత చదివాడు. "బావ్లీ, అంటే మెట్లబావి అని సాఫ్ రాసిండ్రు. హద్దురాయికెల్లి పడమటికి ఏడు గొలుసులు."

అయితే ఆ హద్దురాయి ఏది? తాత, ఆయన కొడుకు మా బాపు, నేను దిబ్బంతా రెండు రోజులు గాలించాం. రాయి జాడ లేదు. రాయి ఎత్తుకపోయినవాణ్ని తాత తిట్టని తిట్టు లేదు. ఆ సాయంత్రం జొన్నరొట్టె వడ్డిస్తున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"ఊకె తిట్టకు. గా రాయి నేనే తెచ్చిన. పెండ్లయిన కొత్తల. బట్టలుతకనీకి సాపుగ ఉన్నదని."

తాత నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. "ఇన్నేండ్ల సంది దాని మీదనే నా అంగీలు ఉతుకుతున్నవా?"

"మరి తెల్లగ వస్తయి కద!" అంది అవ్వ.

బాపు నవ్వాపుకోలేక వాకిట్లోకి పోయాడు. ఆ తర్వాత తాతా నవ్వాడు, కండ్లలో నీళ్లొచ్చేదాకా.

పొద్దున అవ్వే ముందు నడిచింది. రెండు పెద్ద రాతిగుండ్ల నడుమ ఆగి, "గీడనే. నెత్తిమీద మోసుకొని పోతుంటే గీ గుండుకు కొట్టుకొని మోచెయ్యి పగిలింది, ఎట్ల మరుస్త?" అంది. అక్కణ్నుంచి తాత గొలుసు గుంజాడు, గొలుసు కొసకు మేకు నాటి నేను గట్టిగా లెక్క చెప్పాను. ఏడో మేకు దగ్గర బాపు గడ్డపార దించాడు. మొదటిరోజు పెంకులే. రెండోరోజు సాయానికి వచ్చినవాళ్లు సగంమంది వెనక్కి పోయారు. మూడోరోజు గడ్డపార ఠంగుమంది. చెక్కిన రాయి, దాని కింద ఇంకో మెట్టు!

ఇక ఊరంతా దిబ్బమీదే. ఆడవాళ్లు గంపలెత్తారు, పచ్చిపులుసు, మామిడి తొక్కు, అంబలి కుండలు కదిలొచ్చాయి, పటేల్ కూడా పార పట్టాడు. ఎనిమిదో రోజు అడుగున మన్ను తడిసింది, మర్నాటికి మోకాలి లోతు నీళ్లు. తొలి దోసిలి అవ్వ తాత నెత్తిమీద పోసింది. అంతమందిలో మొగుడి మీద నీళ్లు పోసిన అవ్వ సిగ్గుపడి కొంగు నోట్లో కుక్కుకోవడం నాకింకా కండ్లముందే ఉంది.

పోయినేడు ఆ ఊరు పోయాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తోటల్లేవు, బండ్లు లేవు. పాటిగడ్డ చాలామట్టుకు పొలాల్లోకి ఎరువుమన్నుగా తరలిపోయింది. ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాక, ఆ మెట్ల మీద బిందెల కొట్లాటా లేదు. మోకాళ్లు పట్టుకొని మెల్లగా దిగాను. అడుగున నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. అక్కడే కూర్చుని, ఒక్కదాన్నే, కడుపునిండా తాగాను.