కూరలు మావి, అన్నం కర్రీ పాయింట్‌ది

భోజనానికి పిలిచి, నానిన బియ్యం చూపించి పంపిన ఘనత గుణదలలో ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఉంది. పైగా నేను లెక్కల టీచర్ని. ఆ రోజు నన్ను ముంచింది కూడా లెక్కే.

అంతకుముందు నేనూ మా చెల్లెలు సలోమీ ఒకే అద్దింట్లో ఉండేవాళ్లం. వంట తనది, గిన్నెలు తోమడం నాది. తనకి పెళ్లయి ఉయ్యూరు వెళ్లిపోయాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ఒకరోజు ఫ్రిజ్ గురక పెడుతుంటే "అటు తిరిగి పడుకోవే" అన్నాను. అన్నాక ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. వినడానికి ఎవరున్నారని.

ఒక్కదాని కోసం గుప్పెడు బియ్యం కడగడం మహా దిగులు పని. అందుకే ఆదివారం మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్ మొత్తాన్ని భోజనానికి పిలిచేశాను. పిలిచిన ధైర్యంతోనే బీసెంట్ రోడ్డుకి వెళ్లి పెద్ద ఎలక్ట్రిక్ కుక్కర్ కొన్నాను.

"పొద్దున బియ్యం, నీళ్లు పోసి, ఎన్నింటికి కావాలో టైము పెట్టి వెళ్లిపోండి మేడమ్. మీరొచ్చేసరికి అన్నం రెడీ. ఇంట్లో మనిషి ఉన్నట్టేనండీ" అన్నాడు షాపతను. ఆ చివరి మాటకి పడిపోయాను. దానికి ఇంకో పదిశాతం ఎక్కువడిగినా ఇచ్చేదాన్ని.

ఆదివారం తెల్లవారకముందే లేచి కోడికూర, పప్పుచారు, గోంగూర పచ్చడి చేశాను. ఆరున్నరకి కుక్కర్‌లో బియ్యం పోసి ప్లగ్గు పెట్టాను. అందులో ఇరవైనాలుగు గంటల లెక్క. ఒంటిగంట అంటే పదమూడు అని తెలిసినదాన్ని కదా, గర్వంగా పదమూడు నొక్కి చర్చికి వెళ్లిపోయాను.

ఒంటిగంటకి అందరూ వచ్చారు. ఇంటినిండా మాటలు. గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూసి నాకు కడుపు నిండిపోయింది. వాళ్లకి నిండలేదు.

"అన్నం అయిపోయిందా గ్రేస్?" అంది హిందీ టీచర్ రమాదేవి గారు.

"అదే అయిపోతుందండీ. టైము పెట్టాను. లైటు కూడా వెలుగుతోంది."

కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ లైటు వెలుగుతోందనే చెప్పాను. మూడోసారి ఆవిడ అడగలేదు, లేచి వంటింట్లోకి నడిచింది. వెనకే సైన్సు ప్రసాద్ గారు. మూత తీస్తే బియ్యం చల్లటి నీళ్లలో హాయిగా మునిగి ఉన్నాయి.

ప్రసాద్ గారు వంగి కుక్కర్ మీద అంకెలు చూశారు. "మేడమ్, దీని గడియారంలో ఇంకా ఏడు కూడా కాలేదండీ."

"అదెలాగండీ?"

"ప్లగ్గు పెట్టగానే సున్నా నుంచి మొదలవుతుంది. ముందు మనం సరైన టైము పెట్టుకోవాలి. దీని లెక్కన పదమూడయ్యేది రాత్రి ఏడున్నరకి."

"పాపం, అది ఏ దేశంలో ఉందో" అంది రమాదేవి గారు.

"ఇప్పుడే వండేస్తాను, ముప్పావుగంట" అన్నాను. కానీ ఒకరికి రెండున్నరకి బస్సు, ఒకరి పిల్లలకి ట్యూషను, రమాదేవి గారికి షుగరు. ప్రసాద్ గారు స్కూటర్ తీసి కర్రీ పాయింట్‌కి వెళ్లారు. ఊరందరూ ఇంట్లో అన్నం వండుకుని అక్కడ కూరలు కొనుక్కుంటారు. మేం కూరలు వండుకుని అన్నం కొన్నాం. అది కూడా అయిపోవచ్చిందట, మూడే ప్యాకెట్లు దొరికాయి. చారులో అన్నం వెతుక్కుంటూ తిని, "కూర చాలా బావుందండీ" అని మర్యాదగా చెప్పి, రెండుకల్లా అందరూ వెళ్లిపోయారు.

కుక్కర్ వైపు చూడబుద్ధి కాలేదు. ప్లగ్గు కూడా తీయకుండా వంటింటి తలుపు వేసి పడుకున్నాను. చీకటి పడినా లైటు వేయలేదు. అలా ఉండగా సన్నగా బెల్లు మోగింది. ఎవరో ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చారనుకున్నాను. జుట్టు సర్దుకుంటూ పరుగెత్తి తలుపు తీశాను. మెట్ల మీద ఎవరూ లేరు. బెల్లు మళ్లీ మోగింది, నా వెనక, వంటింట్లోంచి.

మూత తీస్తే ఆవిరి. మెత్తగా, తెల్లగా, ఎనిమిది మందికి సరిపడా అన్నం. చలికాలం కాబట్టి పులవలేదు. మిగిలిన కూర వేసుకుని తిన్నాను. నిజం చెప్పాలంటే అన్నం చాలా బావుంది. అదే ఇంకా బాధ.

మర్నాడు మిగిలిన అన్నానికంతా పాలు, పెరుగు కలిపి, అల్లం, మిరపకాయలు తాలింపు వేసి బడికి పట్టుకెళ్లాను. పదినిమిషాల్లో గిన్నె ఖాళీ.

"ఇంత బాగా ఎప్పుడు ఉడికింది?" అంది రమాదేవి గారు గిన్నె గీకుతూ.

"రాత్రి ఏడున్నరకండీ. దాని మాట అది నిలబెట్టుకుంది."

"అయ్యో, మేం ఉండాల్సింది."

"ఉండాల్సిందండీ" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఆ స్టాఫ్‌రూమ్‌లోనే, ఖాళీ గిన్నె సాక్షిగా, ఒట్టు వేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవర్ని భోజనానికి పిలిచినా ముందుగా అన్నం వండను. వాళ్లొచ్చి, చెప్పులు విప్పి, కూర్చున్నాకే బియ్యం కడుగుతాను. ఆకలికి తిట్టుకుంటే తిట్టుకోనీ, ఇంకో ముప్పావుగంట ఉంటారు.