మూడు స్టార్ల ఫస్ట్‌క్లాసు

లెక్కల మాస్టారు ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో ఎవరికీ నూటికి డెబ్బైమూడు దాటి మార్కులు వేయలేదు. ఆ డెబ్బైమూడు కూడా ఒక్కసారే, ఒంట్లో నూటరెండు జ్వరం ఉన్నరోజున వేశారు. జ్వరం తగ్గాక రెండు రోజులు మనసు బాగాలేక పడుకున్నారు. జవాబు తప్పయితే మార్కు కోయడం ఎవరికైనా చేతనవును. జవాబు సరిగ్గా ఉన్నప్పుడు కోయడంలోనే ఆయన పనితనమంతా ఉండేది. త్రిభుజం గీత లావైతే అరమార్కు. లెక్కను పేజీ అడుగున మొదలుపెట్టి ఆయన చేత కాగితం తిప్పించినందుకు ఒక మార్కు. జవాబు కింద గీత గీయకపోతే ఇంకో అర. గీస్తే, స్కేలు పెట్టి గీశాడా లేదా అని చూసేవారు.

రిటైరైన ఉపాధ్యాయుల గురించి రాసేవాళ్ళు వాళ్ళు వెలిగించిన దీపాలను లెక్కపెడుతుంటారు. ఈయన ఏ దీపమూ వెలిగించిన దాఖలా లేదు. మార్కులు కోశారు, వయసు నిండగానే ఇంటికొచ్చారు. వచ్చాక తెలిసింది, ఇంట్లో దిద్దడానికి పేపర్లు ఉండవని. మూడు నెలలు ఓపిక పట్టి, నాలుగో నెల నుంచి కనిపించినదల్లా దిద్దడం మొదలుపెట్టారు. పొద్దుటి టీకి యాభైఎనిమిది. భార్య ఆరేసిన బట్టలకు అరవైరెండు, "క్లిప్పుల మధ్య దూరం సమానంగా లేదు" అన్న వ్యాఖ్యతో సహా.

"నా పేపరు నలభై ఏళ్ళుగా దిద్దుతున్నారు, ఇంకా టోటలు వెయ్యలేదా?" అని ఆవిడ ఆయన చేతిలో సంచీ పెట్టింది. "ఇకనుంచి సరుకులు మీరే తెండి. బయట బోలెడున్నాయి, కావలసినంత దిద్దుకోండి."

మాస్టారు దాన్ని పనిగా కాక పరిశోధనగా తీసుకున్నారు. ఒక నోటుబుక్కు కొని, అడ్డంగా దుకాణాల పేర్లూ నిలువుగా అంశాలూ రాసుకుని, మొదట వీధి చివరి కొట్టుకి వెళ్ళారు.

ఆ కొట్టాయన ఒకప్పుడు మాస్టారి దగ్గరే చదువుకున్నాడు. ముప్ఫైఅయిదు వస్తే పాసు, అతనికి ముప్ఫైనాలుగు వచ్చింది. పాతికేళ్ళయినా ఆ ఒక్క మార్కు అతని గుండెల్లో నిన్న దిగిన ముల్లులా ఉంది.

"రండి మాస్టారూ, రండి! పంచదార కిలోనా?" అని కాటాలో పోశాడు. తొమ్మిదివందల తొంభై గ్రాములు చూపించింది. చేతిలో గరిటె అలాగే పైకెత్తి పట్టుకుని, కొట్లో ఉన్న నలుగురికీ వినపడేలా అడిగాడు. "పది గ్రాములు తగ్గింది. ఫెయిల్ చేసేద్దామా మాస్టారూ? పోనీ, గ్రేస్ మార్కులు కలుపుదామా?"

నలుగురూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"నేను మీలా కాదండీ, కలిపేస్తా," అంటూ అతను గరిటెడు పోశాడు. బియ్యానికీ అదే తంతు, ఉప్పుకీ అదే తంతు. వీధి కొట్టువాడు ఇంటిమనిషిలాంటివాడనీ, వరస కలిపి పలకరిస్తాడనీ, ఆ ఆత్మీయత ఫోన్లలో దొరకదనీ కళ్ళొత్తుకుంటూ వ్యాసాలు రాసేవాళ్ళున్నారు. మనల్ని అంత బాగా ఎరిగినవాడికి మన పాత పాపాలు కూడా గుర్తుంటాయన్న సంగతి మాత్రం వాళ్ళు రాయరు.

తరువాత పెద్ద స్టోరు. ఫ్రిజ్‌లో దూరినట్టు చల్లగా ఉంది. తోపుడు బండికి నాలుగు చక్రాలుంటే మూడు ముందుకూ ఒకటి ఎడమకూ పోతోంది. మాస్టారు ఒక బంగాళాదుంప చేత్తో పట్టుకుని, "ఇది ఏ రోజు వచ్చింది?" అని యూనిఫారంలో ఉన్న ఒకతన్ని అడిగారు. "నాది బిస్కెట్ల సెక్షనండీ," అన్నాడు. ఇంకొకతనిది సబ్బుల సెక్షను. తొమ్మిది మందిని అడిగేసరికి తొమ్మిది సెక్షన్లూ తెలిశాయి, బంగాళాదుంప వయసు తెలియలేదు. నలభైఒకటి వేసి బయటపడ్డారు. సందులోకి వచ్చే కూరల బండికి యాభైరెండు. వాడి దగ్గర సరుకు మంచిదే. కానీ మాస్టారు వంకాయను వెలుతురుకి పట్టి చూస్తుంటే, "తాతా, అది ఎక్స్‌రే కాదు," అన్నాడు.

ఆదివారం బావమరిది వచ్చి నోటుబుక్కంతా చదివి, మాస్టారి ఫోను తీసుకున్నాడు.

"ఇంత తిరుగుడెందుకు బావగారూ? ఇందులో నొక్కితే సరుకులు గుమ్మంలోకొస్తాయి. వచ్చాక మీరే మార్కులు వెయ్యొచ్చు."

"మార్కులా?" అన్నారు మాస్టారు, కుర్చీలో నిటారుగా కూర్చుని.

"స్టార్లు. అయిదుకి ఎన్నైనా. కింద నాలుగు ముక్కలు రాయడానికి చోటు కూడా ఉంటుంది."

ఆ సాయంత్రమే మొదటి ఆర్డరు వెళ్ళింది. మర్నాడు పొద్దున సరుకులు తెచ్చినావిడకు నలభై ఏళ్ళుంటాయి. స్కూటరు కింద పెట్టి, హెల్మెట్ తీయకుండానే లిఫ్టు లేని మూడంతస్తులు ఎక్కి వచ్చింది. దారి అడుగుతూ ఫోను చేయలేదు. దుంపలు సంచీ అడుగున, టమాటాలు పైన, గుడ్లు విడిగా చేత్తో పట్టుకుంది. మాస్టారు వెతికి వెతికి, తప్పు దొరక్క, ఆనందం పట్టలేక మూడు స్టార్లు వేశారు. అయిదుకి మూడంటే నూటికి అరవై, అంటే ఫస్ట్‌క్లాసు. కింద ముక్కల చోట ముత్యాల్లాంటి మాటలు రాశారు.

ఆరు వారాలు ఇలాగే సాగింది. సోమవారం స్కూటరావిడ రావడం, మాస్టారి భార్య మంచినీళ్ళివ్వడం, రెండు నిమిషాలు కబుర్లు. ఆవిడ మధ్యాహ్నాలు బస్సు నడపడం నేర్చుకుంటోంది. ఇంకో రెండు నెలల్లో లైసెన్సు పరీక్ష. "చిన్నప్పటినుంచీ బస్సంటే పిచ్చి పిన్నిగారూ. అంత పెద్ద చక్రం మన చేతిలో తిరుగుతుంటే ఆ దర్జాయే వేరు," అనేది. మాస్టారు ఎదురుపడ్డవాళ్ళందరికీ ఆవిడ గురించి చెప్పేవారు. వెళ్ళగానే తప్పకుండా మూడు స్టార్లు వేసేవారు.

ఏడో సోమవారం ఆవిడ సంచీ దించి, నీళ్ళు తాగకుండా ఫోను తీసింది.

"మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు. ఇదేం తిట్టో కాస్త చెప్పండి. రాసినవాళ్ళ పేరు కంపెనీ చూపించదు, రాసింది మాత్రం చూపిస్తుంది."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఫరవాలేదు. ఇంకా కృషి చేయాలి." దాని కింద: "పురోగతి కనబడుతోంది. అయినను నిర్లక్ష్యం కూడదు." దాని కింద: "శుభ్రత బాగున్నది. మెట్లు ఎక్కేటప్పుడు వేగం ఒకే రీతిలో లేదు."

"ఎవడో పగబట్టాడండీ. ఆరు వారాలుగా వరసబెట్టి మూడే వేస్తున్నాడు. నేను మెట్లెక్కుతుంటే చెవి పెట్టి వింటున్నాడంటే వీడు మనిషేనా?"

"మనిషే తల్లీ," అంది వంటింటి గుమ్మంలోంచి మాస్టారి భార్య. "మూడో అంతస్తులో ఉంటాడు."

స్కూటరావిడ మాస్టారి వైపు చూసింది. మాస్టారు ఫోను వైపు చూశారు.

"తిట్టేమిటమ్మా! మూడంటే ఫస్ట్‌క్లాసు! నా సర్వీసు మొత్తంలో ఫస్ట్‌క్లాసు పద్నాలుగు మందికే వేశాను. నువ్వు పదిహేనోదానివి!"

"మీ ఫస్ట్‌క్లాసు తగలెయ్య!" అనేసి నాలుక కరుచుకుంది ఆవిడ. "తప్పుగా అనుకోకండి మాస్టారూ. మా కంపెనీ శనివారం పన్నెండింటికి లెక్క తీస్తుంది. సగటు నాలుగున్నర ఉండాలి. నాది అంచున ఉంది. ఇంకొక్కసారి అయిదు స్టార్లు పడితే గట్టెక్కుతా. పడకపోతే పొద్దుటి షిఫ్టు తీసేసి మధ్యాహ్నానికి మారుస్తారు. అప్పుడు నా బస్సు క్లాసు గోవిందా!"

మాస్టారు వెంటనే బావమరిదికి ఫోను చేశారు. పాతవి మార్చడం ఇక కుదరదన్నాడు అతను. పోనీ, ఈసారి నాలుగు వేస్తే?

"నాలుగన్నా చెడ్డే బావగారూ. అయిదంటేనే బాగున్నట్టు."

"నూటికి నూరొస్తేనే పాసా! ఏం యూనివర్సిటీరా అది?"

"యూనివర్సిటీ కాదు బావగారూ, ఉల్లిపాయలు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఇవాళే అయిదు వేసేయొచ్చు కదా అని భార్య అంది. అది మాత్రం తన వల్ల కాదన్నారు. ఊరికే వేసిన అయిదు దొంగసంతకంతో సమానమన్నారు.

"అయితే పరీక్ష పెట్టండి," అంది స్కూటరావిడ, నడుం మీద చేతులు పెట్టుకుని. "శనివారం పొద్దున. మీరెంత కష్టమైన పేపరిచ్చినా సరే."

మాస్టారి మొహంలో రిటైరయ్యాక కనిపించని కళ వచ్చింది.

ఆర్డరు తయారుచేయడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. ప్రత్యేక సూచనలు రాసే గడిలో ఇలా నింపారు: "టమాటాలు ఎనిమిది, ఒకే సైజు, ఒకే ఎరుపు. అరటిపళ్ళు ఆరు, నేటికి రెండు, రేపటికి రెండు, ఎల్లుండికి రెండు పండవలెను. పుచ్చకాయ ఒకటి, వృత్తం, దీర్ఘవృత్తం కాదు. గుడ్లు పన్నెండు, దేనికీ గీత ఉండరాదు." గోడౌన్‌లో ఆ సూచనలు చదివిన ప్యాకింగు మనిషి, ఇది ఆర్డరా లేక ఎవరైనా పందెం వేశారా అని అడిగాడట. స్కూటరావిడ అతన్ని పక్కకు జరిపి తనే ఏరుకుంది. పుచ్చకాయల గుట్ట ముందు అరగంట కూర్చుందని తరువాత తెలిసింది.

శనివారం పదకొండింటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. గడియారం కొట్టినట్టు ఒకే లయ. మాస్టారు గుమ్మంలో భూతద్దంతో, దారప్పోగుతో, ఎర్ర పెన్నుతో సిద్ధంగా ఉన్నారు.

టమాటాలను వరసగా పేర్చారు. ఎనిమిదీ ఒక తల్లి కన్నట్టున్నాయి. అరటిపళ్ళలో రెండు పసుపు, రెండు అటూఇటూ, రెండు పచ్చివి. పుచ్చకాయను దారంతో అడ్డంగా కొలిచారు, నిలువుగా కొలిచారు, ఐమూలగా కొలిచారు. వృత్తమే. మాస్టారికి చెమట్లు పట్టాయి. కోయడానికి చోటు లేని పేపరు ఆయన జీవితంలో అదే మొదటిది.

"గుడ్లు," అన్నారు.

ఒక్కొక్కటే కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, వెలుతురుకి పట్టి, చుట్టూ తిప్పి చూశారు. పదకొండింటికీ గీత లేదు. పన్నెండోది ఎత్తి పట్టుకున్నారు. తప్పుండాలన్న ఆశతోనో, ఉండకూడదన్న భయంతోనో వేళ్ళు బిగుసుకున్నాయి. గుడ్డు టప్పుమంది. సొన ముంజేతి మీదుగా మోచేతి దాకా కారింది.

గోడ గడియారంలో పదకొండూ నలభై.

"అయిపోయింది నా బస్సు," అని స్కూటరావిడ పుచ్చకాయ పక్కనే నేల మీద చతికిలబడింది.

"పగలగొట్టింది మీరు కాదూ?" అని భార్య తువ్వాలు తెచ్చింది.

"ఆగు. నన్ను ఆలోచించుకోనీ." మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పేపర్లు దిద్దేవాళ్ళకు ఇచ్చే సూచనల్లో ఒకటుంది. ముప్ఫైనాలుగేళ్ళుగా ఆయనకు కంఠతా వచ్చు, వాడే అవసరం ఎన్నడూ రాలేదు. కళ్ళు తెరిచి, తరగతి గదిలో నిలబడ్డట్టు నిలబడి చదివారు. "దిద్దేవాని చేతిలో జవాబుపత్రం పాడైన యెడల, ఆ నష్టం అభ్యర్థిది కాదు. ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వేయవలెను."

"అంటే?" అంది స్కూటరావిడ లేవకుండానే.

"అంటే గుడ్లకు పూర్తి మార్కులు. మిగతావాటిల్లో కోత లేదు." ఎర్ర పెన్నుతో మూడుసార్లు కూడారు. మూడుసార్లూ నూరే వచ్చింది. ఒకసారి కింద నుంచి పైకి కూడా కూడి చూశారు.

తరువాత ఫోను తీసుకున్నారు. బొటనవేలు మొదటి స్టారు నొక్కింది, రెండోది నొక్కింది, మూడో దాని మీదికి వచ్చి ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"కదలట్లేదోయ్. గుడ్డు జిగురు."

"ఆ జిగురు గుడ్డుది కాదు," అని భార్య వేలు తుడిచి, ఆ వేలినే పట్టుకుని నాలుగో స్టారు దాకా నడిపించి వదిలేసింది. అయిదోది ఆయనే నొక్కారు, కళ్ళు మూసుకుని. పదకొండూ యాభైరెండు. కింద ముక్కల చోట, నిజం దాచడం చేతగాని మనిషి కనుక, ఉన్నది ఉన్నట్టు రాశారు: "పన్నెండవ గుడ్డు పగిలినది. పగలగొట్టినది పరీక్షకుడు. అభ్యర్థి నిర్దోషి."

సోమవారం పొద్దున ఏడున్నరకు గంట మోగింది. గుమ్మంలో స్కూటరావిడ, చేతిలో గుడ్ల పెట్టె.

"నేనేం ఆర్డరు చెయ్యలేదే?" అన్నారు మాస్టారు.

"మీరు రాశారుగా! మా కంపెనీ యంత్రం 'గుడ్డు పగిలినది' అన్నంతవరకే చదివింది. క్షమాపణలు చెప్పి డజను పంపించింది. మూడంతస్తులు మాస్టారూ, మీ నిజాయితీ మొయ్యడానికి!"

"షిఫ్టు నిలబడ్డట్టేగా మరి?" అంది మాస్టారి భార్య.

"నిలబడింది పిన్నిగారూ, అంచున! శనివారం మధ్యాహ్నం బస్సు కూడా తిప్పాను. ఒక్క స్తంభం తప్ప అన్నీ తప్పించా."

మాస్టారు పెట్టె తెరిచి, ఒక గుడ్డు తీసి కిటికీ వైపు నడవబోయారు.

"వద్దు!" అని ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి అరిచారు. స్కూటరావిడ గుడ్డు లాక్కుని పిన్నిగారి చేతిలో పెట్టింది. అంతలో మాస్టారి ఫోను, ఈ రోజు సేవ ఎలా ఉందని అడుగుతూ మోగింది. ఆవిడ ఆ ఫోను కూడా లాక్కుని, టకటకా అయిదు స్టార్లూ తనే నొక్కేసి, తిరిగి ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"మాల్‌ప్రాక్టీసు!" మాస్టారు మెట్ల మీదికి వంగి అరిచారు. "అభ్యర్థే పేపరు దిద్దుకోవడం ఎక్కడైనా ఉందా?"

"కళ్ళముందే జరిగితే మీరేం ఇన్విజిలేషన్ చేశారు మాస్టారూ?" అని కింద నుంచి జవాబొచ్చింది, వెనకే స్కూటరు చప్పుడు.

మాస్టారు లోపలికి వచ్చి ఫోను చూశారు. స్టార్ల కింద చిన్న అక్షరాలతో ఉంది: గంటలోపు మార్చుకోవచ్చు. ఆయన కుర్చీలో కూర్చుని ఫోను ఒక మోకాలి మీద, వాచీ ఇంకో మోకాలి మీద పెట్టుకున్నారు.

"ఏమండీ, మార్చరేం?" అంది భార్య, పావుగంట పోయాక.

"ఆలోచిస్తున్నానోయ్."

అరగంటకు మళ్ళీ అడిగింది. ఇంకా ఆలోచిస్తున్నానన్నారు. కదలకుండా, కునుకు తీయకుండా, గంటసేపూ ఆ చిన్న అక్షరాలకు కాపలా కాశారు. ఎనిమిదీ ముప్ఫైఅయిదుకి అవి వాటంతట అవే మాయమయ్యాయి.

"గడువు దాటిపోయింది. ఇక మనం చెయ్యగలిగిందేం లేదు," అని తల అడ్డంగా ఊపి, రెండు గుడ్లు వేయించమన్నారు.