బావ గుండెపంపు, నా ఆంప్స్ లెక్క

బావ ఆకుకూర పప్పు మానలేక ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని మా బంధువులంతా చెప్పుకుంటారు. మొన్న పుంగనూరులో గృహప్రవేశానికి పోతే అక్కడా అదే మాట. సంగటి వడ్డిస్తుంటే ఎవరో పప్పు గిన్నెను బావ ముందు నుంచి జరిపి, "ఈయనకు పెట్టొద్దు, మళ్లీ బెంగళూరుకు ఎత్తుకోని పోవాల్సొస్తాది" అన్నారు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. జరిగింది అది కాదు.

బావ అంటే మా అక్క భర్త. కుప్పంలో ఇనుప సామాన్ల అంగడి. గుండె బాగా బలహీనపడితే బెంగళూరులో దానికి చిన్న పంపు అమర్చారు. పొట్ట పక్క నుంచి తీగ ఒకటి బయటికొచ్చి నడుముకు కట్టుకున్న పెట్టెలో కలుస్తుంది. నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం పోతోందో పెట్టె మీది తెర చూపిస్తుంది.

నేను మదనపల్లె దగ్గర అంగళ్లులో ఇంజినీరింగ్ పిల్లలకు మోటార్ల పాఠం చెబుతాను. అందువల్ల ఇంట్లో ఆ పంపుకు నేనే డాక్టర్ని. "లోపల రక్తాన్ని కొలిచేది ఏదీ లేదు బావా. మోటారు ఎంత కరెంటు లాగుతోంది, ఎంత వేగంగా తిరుగుతోంది, రక్తం ఎంత చిక్కగా ఉంది, వీటిని బట్టి అంచనా కడుతుంది. మన బోరు మాదిరే" అన్నాను. మావైపు ఆ లెక్క తెలియనివాళ్లు లేరు. బోరు లోపలికి ఎవరూ తొంగిచూడలేరు గనక స్టార్టరు డబ్బా మీద, మోటారు లాగే కరెంటును చూపే ఆంప్స్ ముల్లు చూస్తారు. ముల్లు పడిపోతే నీళ్లు అయిపోయినట్టే. ముల్లు పడిపోతుందన్న భయంతోనే పెరిగాను. అది పైకి పోయినా భయపడాలని తోచలేదు.

బావ రోజూ పొద్దున తెర ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. మేమంతా బొటనవేలు గుర్తులు పెట్టేవాళ్లం.

ఒక వేసవిలో ఆ అంకె మెల్లగా పెరిగింది. "పంపు బలే తోల్తాండాదే, మా బోరుకు గూడా అట్లాటిదొకటి ఇప్పించప్పా" అని సోమల నుంచి చిన్నాన్న రాశాడు. అదే వారం బావ నాకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తాండాది. ఒంటికి పోతే కాఫీ డికాషను మాదిరి వస్తాండాది."

"అంకె ఎంతుండాది బావా?"

"ఎప్పటికంటే ఎక్కువే ఉండాది."

"ఇంకేం మరి. ఎండలు గదా, నీళ్లు బాగా తాగు."

"ఆసుపత్రోళ్లకు ఒక మాట చెప్పేదా?"

"దేనికి బావా, మోటారు బ్రహ్మాండంగా తిరుగుతాంటే."

నా మాట విన్నాడు. వారం చివర్లో అంగట్లో కుర్చీ నుంచి లేవలేకపోతే అక్క కారు మాట్లాడుకుని బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. పంపులో రక్తం గడ్డ కట్టింది. అక్కడ నలిగిన రక్తమే ఒంటేల్లో డికాషను రంగుగా వచ్చింది. దానికి రాసుకుంటూ తిరగడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగింది. ఎక్కువ కరెంటు కనబడేసరికి ఎక్కువ రక్తం పోతోందని పెట్టె లెక్కగట్టింది. తెర మీద పెరుగుతున్నప్పుడల్లా ఒంట్లో తగ్గుతోందన్నమాట. బోరులో ఇసుక పట్టి మోటారు బిగిస్తే ఆంప్స్ పెరుగుతాయి, నీళ్లు మాత్రం సన్నబడతాయి. ఇది నేను ఏటా క్లాసులో చెప్పే పాఠం. ఇప్పుడు ఆ పాఠం వచ్చిందంటే బోర్డు మీద సుద్దముక్క విరుగుతుంది.

పంపు మార్చారు. బావ బతికాడు గానీ మేకుల బస్తా ఎత్తే మనిషి ఇప్పుడు మేకులు తూచి ఇవ్వడమే. ఆకుకూరలు ఎక్కువైతే రక్తాన్ని పలచబరిచే మాత్ర సరిగా పనిచేయదని డాక్టరు అన్న మాటను అక్క పట్టుకుంది. ఆకుకూర వంతు కొంత ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఒళ్లు బాగలేదని మనిషి చెబితే అంకె అడిగింది ఆకుకూర కాదు.

గృహప్రవేశం రోజు చేతులు కడుక్కునే దగ్గర అక్కకు చెప్పేశాను. "బావ ముందే ఫోన్ చేసినాడక్కా. ఆసుపత్రికి చెబుతానంటే నేనే వద్దన్నాను."

"మీ బావను ఎనకేసుకొచ్చేది నీకు మామూలే గదరా. ఇంత సదివినోడివి, తెలీకుండా సెప్తావా?"

"నిజమక్కా, నేనే చెప్పినా."

"వదిలేయప్పా, పప్పు తినింది నిజమేగా" అన్నాడు బావ, తుండు భుజాన వేసుకుంటూ. మళ్లీ నవ్వులు. నా తప్పు నాకు ఇవ్వమంటే ఇచ్చేవాడు లేడు.

గ్రూపులో రాశాను: అంకె ఒక్కటే చూడొద్దు, అది పెరిగినా, ఒళ్లు బాగలేకపోయినా ఆసుపత్రికే ఫోన్ చేయాలి, నాకు కాదు. బొటనవేలు గుర్తులు వచ్చాయి. మరుసటి పొద్దున మళ్లీ తెర ఫోటో. కింద మళ్లీ బొటనవేళ్లు. వెంటనే బావకు ఫోన్ చేశాను.

"ఎట్లుండావు బావా?"

"బాగుండాదప్పా, అయిదు సూపిస్తాండాది."

"అది కాదు. నువ్వెట్లుండావు?"

"అదే సెప్తాండా గదా. అయిదు."

"ఫోన్ చేతిలో పెట్టుకోని నిదానంగా అంగడి మెట్లెక్కు. నేను వింటాంటా."

గొణుక్కుంటూ లేచాడు. చెప్పుల చప్పుడు, తర్వాత ఊపిరి. నేను ఊపిరే విన్నాను.

"ఏమప్పా, లెక్క సరిపోయిందా?"

"మాట్లాడొద్దు బావా, కాసేపు అట్లే ఉండు" అన్నాను.