వదిన కేకు ఎందుకు కుంగింది

మా వదిన లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. హాస్టళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతూనే ఉంటాయి. ఆవిరికి చేతులు ఎర్రగా ఉబ్బిపోయి, ఇంటికొచ్చాక గ్లాసు పట్టుకోవాలన్నా మొహం చిట్లిస్తుంది. ఆ చేతులతోనే ఆదివారం కేకు కలుపుతుంది. అలా కలుపుతుంటే చేతులకి హాయిగా ఉంటుందట. నేను నమ్మను గానీ కేకు మాత్రం తింటాను.

ఆ కేకు బస్సు డిపో క్యాంటీన్ దాకా వెళ్లిందంటే మా అన్నయ్య వల్లే. డిపోలో మెకానిక్. ఒకరోజు తన డబ్బాలోంచి క్యాంటీన్ ఆయనకి ఒక ముక్క పెట్టాడు. ఆయన నిదానంగా నమిలి, "మీ ఆవిడని రోజూ రెండు కేకులు పంపమనవయ్యా. ముందు వచ్చే శనివారం ఒకటి తెచ్చి చూపించాలి. ఇదే రుచి, ఇదే మెత్తన. తేడా వస్తే నాకొద్దు" అన్నాడట.

వదిన ఆ మర్నాడే లాండ్రీ సూపర్‌వైజర్‌తో నెలాఖరుకి మానేస్తానని చెప్పేసింది. ఎవర్నీ అడగలేదు.

"ముందు కేకు ఒప్పించుకుని తర్వాత చెప్పొచ్చుగా?" అన్నాడు అన్నయ్య.

"నా కేకు ఏనాడన్నా పాడైందా?" అంది వదిన.

అన్నది ఆదివారం. పాడైంది సోమవారం.

వదిన వాడే సరుకంతా మా వీధి చివర సూపర్‌మార్కెట్‌లో అన్నిటికన్నా కింది అరలో దొరికేదే. నడుం వంచితే గానీ చేతికందదు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, తెల్ల ప్యాకెట్ మీద నల్ల అక్షరాలు. మైదా, పంచదార, వెనీలా, వెన్న బదులు మార్జరిన్, అన్నీ అవే. పంచదార పలుకులు పెద్దవని మిక్సీలో ఒక తిప్పు తిప్పుతుంది. మార్జరిన్‌లో ఉప్పుంటుంది కాబట్టి విడిగా వెయ్యదు. పాలు ఎన్ని పట్టాలో ఏడాది పాటు తిప్పలుపడి కనిపెట్టింది. మార్జరిన్ రేపర్ కూడా పారెయ్యదు. మడిచి సొరుగులో దాచి, తర్వాతి కేకప్పుడు గిన్నెకి దాంతోనే జిడ్డు రాస్తుంది.

సోమవారం కేకు పొంగినట్టే పొంగి నడుమ గుంట పడింది. కోస్తే లోపలంతా ముద్ద. మంగళవారం ఇంకా అన్యాయం. వదిన ఓవెన్‌ని తిట్టింది, గుడ్లని తిట్టింది, తలుపు దబాలున వేశాడని అన్నయ్యని తిట్టింది.

"తలుపేస్తే కేకు భయపడుతుందిటే?"

"తలుపుకి కాదు, మీ మొహం చూసి భయపడింది."

"పోనీలే, ఈ గుంటలో టీ పోసుకుని తాగేస్తా. కప్పు కడిగే పని తప్పుతుంది."

వదిన నవ్వలేదు. గరిటె సింకులో విసిరికొట్టి వెళ్లి మంచం మీద కూర్చుంది. "సూపర్‌వైజర్ నా స్థానంలో అప్పుడే ఇంకో మనిషిని మాట్లాడేసింది" అంది గోడకేసి చూస్తూ.

నేను చూస్తూ ఊరుకుంటానా? కుట్టు ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని, దారం నాసిరకమైతే మిషన్ ఎంత మంచిదైనా ఏం లాభం అనే లెక్క నాది. లోపం సరుకులోనే ఉందని తేల్చేశాను. గురువారం పై అరలోంచి బంగారు కాగితం చుట్టిన అసలు వెన్న, మేలురకం మైదా తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఇవాళ్టికన్నా ఆ కింది అర వదిలెయ్ వదినా."

కాదనలేక చేసింది. ఈసారి గుంట పడలేదు. పొంగితే కదా పడటానికి! కత్తి దిగనంది. నోట్లో పెట్టుకుంటే పిండి పిండిగా, చప్పగా ఉంది.

"ఎలా ఉంది?" అంది.

"వాసన బావుంది."

"వాసన అమ్ముకోనా? ఆ కింది అర సరుక్కే నా చెయ్యి అలవాటుపడింది. పాలు దానికి తగ్గట్టు, ఉప్పు దానికి తగ్గట్టు. నిన్నెవరు తెమ్మన్నారు ఇదంతా?"

"సాయం చేద్దామనుకున్నదాన్ని నన్నంటావేం?" అని నేనూ గొంతు పెంచాను. తర్వాత తను గిన్నెలు తోమింది, నేను తుడిచాను. అంతే.

శుక్రవారం పని నుంచి వస్తూనే మళ్లీ తెల్ల ప్యాకెట్లు ముందేసుకుంది. గిన్నెకి జిడ్డు రాయడానికి సొరుగులోంచి రేపర్లు తీసింది. పైనున్నది ఈ వారం రేపర్. అది గిన్నెకి తడి అంటించింది తప్ప జిడ్డు అంటలేదు. అడుగునున్న పాత రేపర్ తీసి రాసింది. గిన్నె నిగనిగలాడింది. వదిన చెయ్యి ఆగిపోయింది.

"ఇలారా" అంది. నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట అదే.

రెండు రేపర్లూ కిటికీ దగ్గర పక్కపక్కన పరిచాం. అదే తెలుపు, అవే నల్ల అక్షరాలు. వెనకవైపు మాత్రం చీమ తలకాయంత అచ్చు. సూదిలో దారం ఎక్కించే కళ్లు కదా నావి, వెతికి పట్టుకున్నాను. పాతదాని మీద కొవ్వు నూటికి డెబ్బై ఐదు. కొత్తదాని మీద యాభై ఐదు.

"మరి మిగతాదేంటి?"

"ఏముంటుంది వదినా, ఎక్కువ భాగం నీళ్లే."

"నీళ్లా! ముందువైపు ఒక్క ముక్క చెప్పకుండా నీళ్లు కలిపారా దొంగ మొహాలు! వారం నుంచీ నా చెయ్యే పాడైందనుకుని చస్తున్నానే!" కళ్లు తుడుచుకుంది. ఏడుపు కాదు, కోపం.

పాల గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఒక్క చుక్క పొయ్యలేదు. మార్జరిన్ ఇంకాస్త వేసింది. కేకు పొంగింది, పొంగి నిలబడింది. ఓవెన్ కాలి కింద పెట్టిన అట్టముక్క జారిందేమో, ఒక పక్కకి కాస్త ఒరిగింది.

శనివారం తనతో నేనూ వెళ్లాను. క్యాంటీన్ ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒరిగిందేంటమ్మా?"

"ముక్కలు కోశాక ఒరిగినట్టెక్కడ కనిపిస్తుందండీ?" అంది వదిన.

కోశాడు, వేలితో నొక్కాడు, తిన్నాడు. ఇంకో ముక్క కూడా తిన్నాడు. "సరే, సోమవారం నుంచి తెండి. రోజూ ఇలాగే రావాలి మరి."

బయటికొచ్చాక నవ్వుతుందనుకున్నాను. "రోజూ ఇలాగే, రోజూ ఇలాగే" అని గొణుక్కుంటూ తిన్నగా సూపర్‌మార్కెట్‌కి నడిచింది. కింది అర ముందు నేల మీదే చతికిలబడి, ప్యాకెట్ తిప్పి వెనకాల అంకె నన్ను చదవమంది. యాభై ఐదు. ఇంకోటి. యాభై ఐదు. అరలో ఉన్న పదకొండూ చదివించి బుట్టలో వేసింది.

బిల్లు వేసే అమ్మాయి, "ఏంటాంటీ, షాపు పెడుతున్నారా?" అంది.

"ఈ వెనకాల అంకె మళ్లీ ఎప్పుడు మారుస్తారో అది చెప్పు ముందు."

"నాకేం తెలుస్తుందాంటీ? వాళ్లు మాకు చెప్పరు."

"ఎవరికీ చెప్పరులే" అంటూ బరువు సంచీ నా చేతిలో పెట్టింది. సగం దూరం వచ్చాక అంది, "నీ బంగారు కాగితం వెన్న ఇంకా మిగిలుంది. ఇంటికెళ్లి బ్రెడ్డుకి రాసుకు తిందాం. అంతకుమించి దేనికీ పనికిరాదది."