హాలంతా ఊఁ కొట్టిన సాయంత్రం

మా ఇంట్లో కథకి ఒక కట్టుబాటు ఉంది. చెప్పేవాళ్లు చెబుతుంటే వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే పిల్లలు పడుకున్నారన్నమాట. కథ అక్కడికి ఆపి, దుప్పటి కప్పి, లైటు ఆర్పేయాలి. మా నాయనమ్మ దగ్గర నేను అలాగే విన్నాను. ఇక్కడ ఝపటాపూర్ పేటలో నా మనవలకి అలాగే చెప్పాను.

మొన్న చలికాలంలో చర్చి హాల్లో మనవాళ్లంతా ఒక సాయంత్రం కలుద్దామనుకున్నారు. మనవాళ్లంటే తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికొచ్చి ఈ బెంగాలీ ఊళ్లోనే ఉండిపోయిన తెలుగు వాళ్లు. మా మనవరాలు ఢోలక్ వాయిస్తుంది. మనవాళ్లు ఈ ఊరికెలా వచ్చారో కథ కడతామని, మామ్మ చెబుతుంది, మేము పాడతామని కమిటీ పెద్దాయన్ని అడిగింది. ఆయన నవ్వేశాడు.

"పాత కతలెవలింతారే గుంటా? డేన్సులెట్టుకోండి."

"ఒక్కపాలి ఇవ్వండి తాతా. జనం లేసెళ్లిపోతే మళ్లీ అడగం."

"ఠీక్ హై. లేసెళ్లిపోనారంటే మాత్రం ఇంక ఏటా ఒట్టి డేన్సులే. మాటంటే మాట."

పందెం దానిది, నోరు నాది.

మా ముందు గదిలోనే సాధన చేశాం. హార్మోనియం మీద కింది మెట్లన్నీ ఒక్కసారి నొక్కితే రైల్వే వర్క్‌షాపు సైరన్ వచ్చింది. ఢోలక్ మీద వేళ్లతో మొదలుపెట్టి అరచేత్తో పెంచుకుంటూ పోతే పాత బొగ్గు బండి వచ్చింది. పక్కింటి బెంగాలీ కోడలు నన్ను మాశీమా అంటుంది, అంటే పిన్నీ అని. తెలుగు ముక్క రాకపోయినా రోజూ టీ కప్పుతో వచ్చి కూర్చునేది.

ఆ సాయంత్రం హాలు నిండింది. ఖరిదా బజార్లో కొట్లున్నవాళ్లు కూడా పిల్లాపాపలతో వచ్చారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ముందు మైకు పెట్టారు. మొదలుపెట్టాను.

మా నాయనమ్మ పెళ్లయిన కొత్తలో ఒక్కతే బండెక్కింది. తాత ఇక్కడ వర్క్‌షాపులో ఖలాసీ. ఈ ఊరి పేరు ఎవరో నోరు తిరక్క కరగపూర్ అని చెప్పారు. ఇనుము కరిగించే ఊరు కాబట్టి కరగపూర్ అనుకుంది పాపం. నేలంతా కొలిమిలా కాలుతుందేమోనని అరికాళ్లకి ఆముదం దట్టంగా రాసుకుని మరీ దిగింది. దిగుతూనే జారింది. నెత్తిమీద ఎండుచేపల గంప బోర్లాపడింది. చూస్తే తాత ఎక్కడా లేడు.

ఇంట్లో అయితే ఈపాటికి పిల్లలు పొర్లి పొర్లి నవ్వుతారు. ఇక్కడ అందరూ పాస్టరుగారి ప్రసంగం విన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు. "జారిందా..." అని మళ్లీ అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక ఇద్దరు కుర్చీలు జరుపుకుని లేచారు. నాకు తోచింది ఒక్కటే. పైట సర్దుకుని నేనూ లేచాను.

"మామ్మా! ఏటి, లేసిపోతన్నావు?" ఢోలక్ వెనకనుంచి మనవరాలు గుసగుసలాడింది.

"అందరూ తొంగున్నారు కదే. ఒక్కలూ ఊఁ అనరు."

మైకు నా నోటి ముందే ఉంది. హాలంతా వినబడింది. నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లోంచి మా పక్కింటి కోడలు గొంతెత్తింది.

"తార్‌పొర్, మాశీమా? తార్‌పొర్?"

తర్వాతేమైందని అడుగుతోంది. ఏమైందో రోజూ చూసిందే, అయినా అడిగింది. వెనకెక్కడో ఒక ముసలాయన "ఊఁ" అన్నాడు. మనవరాలు ఢోలక్ మీద ఒక్క దెబ్బ వేసింది. ఈసారి హాలు సగం "ఊఁ" అంది.

కూర్చున్నాను. అంత పొడుగు ప్లాట్‌ఫారానికి ఆ కొసన నిలబడ్డ తాత, మనూరి ఎండుచేపల వాసన పట్టుకుని ఈ కొసకి పరిగెత్తుకొచ్చాడని చెప్పాను. ఢోలక్ ఆయనతో పాటు పరిగెత్తింది. హార్మోనియం సైరన్ ఊదితే పిల్లలతో పాటు పెద్దవాళ్లూ నోటితో కూత పెట్టారు. లేచిన ఇద్దరూ గోడకి ఆనుకుని చివరిదాకా నిలబడిపోయారు.

అంతా అయ్యాక కమిటీ పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, మా యమ్మ ఏ బండెక్కొచ్చిందో నానెప్పుడూ అడగనేదు. సుభాష్‌పల్లిలో మా మేనత్తకి తెలుసు. మంచం దిగనేదు గాని నోరు గట్టిదే. వచ్చే ఏడు ఆవిడ సేత సెప్పిత్తారేటి?"

"వచ్చే ఏడుదాకా ఎందుకు తాతా?" అంది మనవరాలు. "రేపే వత్తాం."

"మరి డేన్సులో?"

"ఆవిడ కతకే ఆడతాం."

మర్నాడు పక్కింటి కోడల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాం. మేనత్త దిండుకి ఆనుకుని కూర్చుని, "నాకేటి తెల్దమ్మా, అంతా మర్సిపోనాను" అంది. మనవరాలు మంచం పక్కన చతికిలబడి, ఢోలక్ ఒళ్లో పెట్టుకుని, "ఊఁ" అంది.

ఆవిడ దిండు సర్దుకుంది.

"ఏటున్నాది సెప్పడానికి? పూర్ అన్నమాట ఇని, ఈ ఊరే అనుకుని బరంపూర్‌లోనే దిగిపోనాం గదా, మేం..."